ఏడిళ్ళ నూకలు

సాలూరు,
5-10-1961

చి.ల.సౌ. కనకలతకు,

మేనత్త గౌరీదేవి దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ మావయ్య మోకాలు ఒక్కటే బాగోలేదు. అది ఎప్పుడూ బాగోలేదు కాబట్టి కొత్త సంగతి కాదు.

నీ ఉత్తరం నిన్న అందింది. స్టీలు ప్లాంటు బళ్ళో నీకు టీచరుద్యోగం వచ్చిందని చదివి సంతోషించాను. మా అన్నయ్య నిన్ను ట్రైనింగుకి పంపుతానన్నప్పుడు ఆడపిల్లకి ఎందుకురా అన్నది నేనే. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ తర్వాత రాసిన నాలుగు ముక్కలూ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాను. వాసుణ్ణి చూసుకోడానికి జీతం ఇచ్చి ఆయాను పెడతావా? మూడేళ్ళు నిండని గుంటణ్ణా? పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. తిప్పినా తన నోటితో కరుచుకునే తిప్పుతుంది గానీ ఇంకో పిల్లికి జీతం ఇవ్వదు కదే.

నేను వచ్చి ఉందామంటే మీ మావయ్య సంగతి నీకు తెలుసు. గూడ్సు ఆఫీసులో వెయ్యి బస్తాల లెక్క తప్పకుండా చెబుతారు, ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని మాత్రం తెలుసుకోలేరు. రిటైరయ్యేదాకా నాకు ఇక్కణ్ణించి కదలడానికి లేదు. అందుకని వాసుణ్ణి ఇక్కడికి పంపు. నువ్వు ఉద్యోగం చేసుకో, నేను మనవణ్ణి పెంచుకుంటాను, ఎవరికీ జీతం అక్కర్లేదు.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. మా అన్నయ్య మొండితనం నీకు బాగానే వచ్చింది. సరే, ఒప్పందం చేసుకుందాం. జనవరి నెలాఖరు దాకా చూస్తాను. ఈలోగా వాడు చిక్కినా, దగ్గినా, వాడికి తగని పని జరిగినా మీ మావయ్య పాసు మీద వచ్చి తీసుకొచ్చేస్తారు. పెట్టే మనిషి మటుకు మన వైపు మనిషై ఉండాలి. మాట తెలియని వాళ్ళకి బిడ్డనిస్తే వాడికి ఆకలేసినా అర్థం కాదు.

ఊరగాయ జాడీ, మీ ప్లాంటులోనే పనిచేసే మన ఊరి బంగార్రాజు చేతికిచ్చి పంపాను. మూత ఊడిందో లేదో రాయి.

నీ అత్త,
గౌరీదేవి


సెక్టర్ 7, భిలాయి,
22-10-1961

అత్తకి,

నీ కోడలూ మేనకోడలూ అయిన కనకలత నమస్కారాలు. మూత ఊడలేదు. బంగార్రాజు అన్నయ్య జాడీని రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట, చొక్కా అంతా ఊరగాయ వాసన కొడుతోందేమిటని ఎదురింటి సర్దార్జీ భార్య కూడా అడిగింది.

ఒప్పందానికి ఒప్పుకున్నాను. ఒక్క మాట ముందే చెబుతున్నాను. వాసు సాలూరు వస్తే నేను బడి మానేస్తాను. వాణ్ణి అక్కడ ఉంచి ఇక్కడ ఊళ్ళో పిల్లలకి ఎక్కాలు చెప్పడం నా వల్ల కాదు. కాబట్టి వాడు ఇక్కడుంటేనే నా ఉద్యోగం ఉన్నట్టు.

నువ్వన్నట్టే ముందు మన వైపు మనిషినే పెట్టాను. పేరు అచ్చమ్మ, పలాస వాళ్ళు. వచ్చిన రెండో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి వాసు తుమ్ముతున్నాడు. ఆగకుండా తుమ్ముతూనే ఉన్నాడు. అచ్చమ్మ నస్యం డబ్బీ వాడికి ఆడుకోడానికి ఇచ్చిందట. "ఏటమ్మా, తుమ్మితే గుంటడికి ఆయుష్షే కదా" అంది. పంపేశాను. రెండో ఆమె కనకరత్నం. సెక్టరులో ఒక రష్యా దొరసాని ఇంట్లో చేసి వచ్చింది. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండి ఉంటే గానీ పని చెయ్యనంది. బావ తన సైకిలు చూపించాడు. ఆమె సైకిల్నీ, బావనీ ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మూడో ఆమె బిసాహిన్. మన వైపు మనిషి కాదు అత్తా, ఇక్కడి మనిషే. సుపేలా అవతల పల్లె. పేరు కొత్తగా ఉంది, అర్థం ఏమిటని అడిగితే నవ్వి ఊరుకుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి, ముగ్గురు పిల్లలు, మోచేతుల దాకా పచ్చబొట్లు. నేను ఆమెని ప్రశ్నలు అడుగుదామని కూర్చుంటే ఆమే నన్ను అడిగింది. బాబు ఎప్పుడు లేస్తాడు, దేనికి భయపడతాడు, మీరు కొడతారా, ఏడిస్తే ఎంతసేపు ఏడవనిస్తారు. నేను ట్రైనింగులో కూడా ఇంత గట్టి పరీక్ష రాయలేదు.

షరతులు కూడా ఆమే చెప్పింది. నెలకి పదిహేను రూపాయలు, పొద్దున ఒక టీ. గిన్నెలు తోమదు, బట్టలు ఉతకదు, "బిడ్డ పనంటే బిడ్డ పనే" అంది. సాయంత్రం అయిదుకి వెళ్ళిపోతుంది. చివరి షరతు వింటే నవ్వుతావు. జీతం నా చేత్తో గానీ బావ చేత్తో గానీ తీసుకోదట. వాసు చేత్తో ఇప్పించాలట. "నేను పని చేసేది ఎవరికో వాళ్ళే ఇవ్వాలి" అంది.

వాసు కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళడు కదా. ఆమె వాణ్ణి పిలవలేదు. అరుగు మీద కూర్చుని, కొంగు ముడి విప్పి, చింతగింజలు తీసి తనపాటికి తను ఆడుకోవడం మొదలుపెట్టింది. వీడు తలుపు చాటు నుంచి గడప మీదికి, గడప మీంచి అరుగు మీదికి వచ్చాడు. మూడో ఆటకి ఆమె దగ్గర గింజలన్నీ గెలుచుకున్నాడు. రేపటి నుంచి వస్తోంది.

మావయ్య మోకాలికి వేన్నీళ్ళ కాపడం పెట్టు.

నీ
కనకలత


సాలూరు,
6-11-1961

చి.ల.సౌ. కనకలతకు,

దీవెనలు. గిన్నెలు తోమని పనిమనిషిని ఈ వయసులో మొదటిసారి విన్నాను. ఏటి, మహారాణా? పదిహేను రూపాయలిచ్చి చింతగింజలాటకి మనిషిని పెట్టుకున్నారన్నమాట. పోనీ ఆట వచ్చిన మనిషినైనా పెట్టుకోలేదు, మూడేళ్ళవాడి చేతిలో ఓడిపోయింది.

జీతం బిడ్డ చేత్తో ఇప్పించడం ఏమిటే? నోటు వాడు నోట్లో పెట్టుకుంటే? మీ మావయ్య ఇది విని, "బాగుంది, నా జీతం కూడా గూడ్సు బస్తాల చేత ఇప్పించమంటాను" అన్నారు. ఆయనకి నవ్వులాట. నాకు మాత్రం ఆమె మాటలు నచ్చలేదు. వాసుకి పని చేస్తుందట, మీకు కాదట. అంటే మీరెవరు?

నా కొడుకు ఆ తర్వాత విడిగా రాసిన చిట్టీ కూడా చదివాను. వాసు పొద్దున ఆమె తెచ్చిన బాసీ తింటున్నాడని గొప్పగా రాశాడు. పాచిపోయిన అన్నం బిడ్డకి పెడుతుంటే వాడికి గొప్పగా ఉందా? వెంటనే మాన్పించు.

ఇంకో సంగతి. వచ్చే పుష్యమాసం చివర ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో కూడుతున్నాయట, లోకానికి గండమని ఇక్కడ అందరూ ఒకటే చెప్పుకుంటున్నారు. శివాలయంలో చందాలు పోగుచేస్తున్నారు. నేను అయిదు రూపాయలిచ్చాను. లోకం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది గానీ, పోయేటప్పుడు మనవడు నా దగ్గరుండాలి.

గౌరీదేవి


భిలాయి,
12-12-1961

అత్తకి నమస్కారాలు.

బాసీ అంటే ఏమీ కాదు అత్తా, రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి పొద్దున ఉప్పూ ఉల్లిపాయా నంజుకుని తినడం. మన చద్దన్నమే. నువ్వు నాకూ బావకీ ఎన్నేళ్ళు పెట్టలేదు? మనం తింటే చద్ది, వాళ్ళు పెడితే పాచి అనడం న్యాయమా? వాసు ఇప్పుడు ముద్ద ముద్దకీ ఒక కథ అడక్కుండా తింటున్నాడు. చిక్కలేదు. బుగ్గలు వచ్చాయి.

మాట విషయంలో మాత్రం నువ్వు భయపడినట్టే అయింది. మొన్న బావ నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే వీడు వెళ్ళి, "కా హోగే?" అన్నాడు. ఏమైందీ అని ఛత్తీస్‌గఢీలో అడగడం. బావకి అర్థం కాక నన్ను పిలిచాడు, నాకూ తెలియక బిసాహిన్‌ని పిలిచాను. కొడుకు మాట్లాడితే తండ్రికి ఆయా తర్జుమా చెప్పాల్సిన రోజు వచ్చింది. నవ్వకు. నీ పేరు చెబితే మాత్రం తెలుగులోనే "నానమ్మ ఇంటికి రైలు" అంటాడు.

జీతం రోజు నువ్వు చూడాల్సింది. ఒకటో తేదీన ఆమె కొంగు పరిచి వాడి ముందు కూర్చుంటుంది. వాడు ఒక్కొక్క నోటూ వేసి ప్రతిసారీ చప్పట్లు కొడతాడు. అయిపోయాక వాడి రెండు చేతులూ కళ్ళకద్దుకుని వెళుతుంది. అది చూసినప్పుడు, బళ్ళో నాకు జీతం ఇచ్చే గుమాస్తా మొహం గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఇక్కడ చలి బాగా ఉంది. అందరం క్షేమం.

కనకలత


సాలూరు,
24-1-1962

కనకలతకు,

దీవెనలు తర్వాత. ముందు నేను అడిగిన దానికి జవాబు చెప్పు.

గ్రహకూటమి వస్తోందని వాళ్ళమ్మ రాయించి రప్పిస్తే బంగార్రాజు సెలవు మీద నిన్న దిగాడు. దిగినవాడు తిన్నగా మన ఇంటికి వచ్చి చెప్పాడు. పోయిన శనివారం పొద్దున సుపేలాలో వాసుణ్ణి చూశాడట. మెడలో జోలె. మోకాళ్ళ దాకా దుమ్ము. ఆ బిసాహిన్ చెయ్యి పట్టుకుని గుమ్మం గుమ్మం ముందూ నిలబెడుతోందట, వీడు ఏదో కేక వేస్తున్నాడట, ఇంటివాళ్ళు వచ్చి జోలెలో గింజలు పోస్తున్నారట. బంగార్రాజు పలకరిస్తే వాడికీ జోలె పట్టాడట! బంగార్రాజు అయిదు పైసలు వేస్తే, ఆమె అది తీసి తిరిగి ఇచ్చేసి, డబ్బులు వద్దు ధాన్యమే కావాలందట. ముష్టిలో కూడా బేరమా?

నెలకి పదిహేను రూపాయలు తీసుకుని నా మనవడి చేత ముష్టెత్తించిందా? వీధిలో ఎంతమంది చూశారో. గ్రహాలు కూడే ముందు ఇలాంటి పని జరగాలా? ఇంకా ఉంది. డిసెంబరులో వాసుకి పదిరోజులు దగ్గొచ్చిందట, బంగార్రాజే చెప్పాడు. నువ్వేమో "అందరం క్షేమం" అని రాశావు. ఒప్పందంలో దగ్గు ఉందా లేదా?

ఒప్పందం తీరిపోయింది. ఆమెని మాన్పించెయ్. మీ మావయ్య ఇరవై ఎనిమిదిన బయల్దేరి ముప్పయ్యో తేదీకి వస్తారు. వాడి బట్టలు సర్ది ఉంచు. మూడో తేదీ లోగా వాడు నా దగ్గర ఉండాలి. ఉద్యోగం నీ ఇష్టం.

గౌరీదేవి


భిలాయి,
31-1-1962

అత్తా,

ఈ ఉత్తరం మావయ్య చేతికే ఇస్తున్నాను. ఆయనతో వాసుని పంపడం లేదు. ఒక సంచీ పంపుతున్నాను. ఆ సంచీ ఏమిటో ఇది చదివాక విప్పు.

దగ్గు దాచడం తప్పే. నువ్వు ఒప్పందంలో దగ్గు అని రాశాక, వాడు దగ్గినప్పుడల్లా నాకు నీ ఉత్తరమే గుర్తొచ్చేది. ఆ పది రోజులూ బిసాహిన్ ఆవనూనెలో వెల్లుల్లి కాచి వాడి ఛాతీకి రాసింది. రెండు రోజులు అయిదింటికి ఇంటికి కూడా వెళ్ళలేదు. ఇదంతా రాస్తే దగ్గు సంగతి రాయాల్సి వస్తుందని రాయలేదు.

ఇక ముష్టి సంగతి. పుష్య పౌర్ణమి నాడు ఇక్కడివాళ్ళకి ఛేర్‌ఛేరా అని పండగ. కొత్త ధాన్యం ఇళ్ళకి చేరిపోయి ఉంటుంది కదా, ఆ రోజు పిల్లలూ పెద్దలూ "ఛేర్‌ఛేరా" అని కేక వేస్తూ ఇల్లిల్లూ తిరిగి ధాన్యం అడుగుతారు. కూలివాడి కొడుకూ అడుగుతాడు, వందెకరాల మాల్గుజారు కొడుకూ అడుగుతాడు. ఆ రోజు అడగడానికి ఎవరూ సిగ్గుపడకూడదు, గుమ్మంలోకి వచ్చినవాళ్ళని ఎవరూ ఉత్త చేతులతో పంపకూడదు. డబ్బు వెయ్యకూడదు, గింజలే. అందుకే బంగార్రాజు అన్నయ్య అయిదు పైసలూ తిరిగొచ్చాయి. తన పిల్లలు ముగ్గురితోపాటు వాసుని నాలుగోవాడిగా తీసుకెళ్ళింది. నన్ను అడిగే తీసుకెళ్ళింది. నేనే జోలె కుట్టాను, నా పాత నీలం జాకెట్టు గుడ్డతో.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇరవై తొమ్మిది. బావ అది చదివి కంగారుపడ్డాడు. నీ మాటంటే తనకి ఇప్పటికీ చిన్నప్పటి భయమే. నేను బడి నుంచి వచ్చేలోపల ఆమెని పిలిచి, "బచ్చే సే భీఖ్ మంగ్‌వాయా?" అని అడిగేశాడు. బిడ్డ చేత ముష్టెత్తించావా అని. ఆమె లోపలికెళ్ళి వాసుకి అన్నం పెట్టి, మూతి కడిగి, వాడి వాటా అని దంచి ఉంచిన బియ్యం సంచీ అరుగు మీద పెట్టి, మధ్యాహ్నం రెండింటికి వెళ్ళిపోయింది. నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. జనవరి జీతం అలాగే ఉంది. వాసు చింతగింజలు పట్టుకుని అరుగు మీద కూర్చుంటున్నాడు. లోపలికి రమ్మంటే రావడం లేదు.

పదో తేదీ దాకా సెలవు పెట్టాను. పన్నెండో తేదీ సోమవారం రాకపోతే ఇంకొకరిని వేసుకుంటామన్నారు హెడ్మిస్ట్రెస్. ఉద్యోగం నీ ఇష్టం అన్నావు. నా ఇష్టం కాదు అత్తా, అది ఆమె వస్తేనే ఉంటుంది. ఆమె గుమ్మం ముందుకెళ్ళి నిలబడడానికి నాకు మొహం చెల్లడం లేదు. బావకి అసలే చెల్లడం లేదు.

మావయ్య అంతా విని, "నువ్వు చెప్పింది సబబే, కానీ మీ అత్తకి నేను చెప్పలేను, కాగితం మీద పెట్టి ఇవ్వు" అన్నారు. పెట్టాను. సంచీలో ఉన్నది నీ మనవడు అడిగి తెచ్చిన బియ్యం. నీకిష్టమైతే వండుకో, లేకపోతే పిట్టలకి వెయ్యి.

కోపంతో రాశాను. నమస్కారం మాత్రం కోపంతో కాదు.

కనకలత


సాలూరు,
6-2-1962

చి.ల.సౌ. కనకలతకు,

మేనత్త దీవెనలు. లోకం అంతం కాలేదు. నిన్నటితో గ్రహాలు విడిపోయాయట. శివాలయం వాళ్ళు మిగిలిన చందాతో పులిహోర పంచారు, ఉప్పు ఎక్కువైంది.

నీ ఉత్తరం రెండో తేదీన చదివాను. చదివి ఎవరితోనూ మాట్లాడలేదు. మీ మావయ్య రెండు పూటలు భయం భయంగా తిరిగి, మూడో పూట తనే కాఫీ పెట్టుకున్నారు. గిన్నె మాడింది. దానికి కూడా నేనేమీ అనకపోయేసరికి డాక్టరు దగ్గరికి వెళ్దామా అన్నారు.

నీకు ఒక సంగతి చెప్పాలి. ఇది మీ నాన్నకి తెలుసు, మీ మావయ్యకి తెలుసు. నీకూ, నీ మొగుడికీ తెలియదు. తెలియనివ్వొద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

వాడికి ముందు నాకు ఇద్దరు పోయారు. ఒకడు నెలకి, ఒకడు పదకొండు రోజులకి. మూడోవాడు పుట్టగానే మా అత్తగారు, "వీడు నీ బిడ్డ కాదనుకో, అమ్మేసి కొనుక్కో, అప్పుడు బతుకుతాడు" అన్నారు. మన వైపు చేసేదే, నువ్వూ వినుంటావు. వాణ్ణి చాటలో వేసి మంత్రసాని తులసమ్మకి ఇచ్చేశాను. మూడు రోజులు వాడు దాని ఇంట్లోనే ఉన్నాడు, దాని పాలే తాగాడు. నాలుగో రోజు కొనుక్కోవాలి. సొంత ఇంటి గింజలు పనికిరావు, ఏడిళ్ళు అడిగి తెచ్చిన నూకలే పొయ్యాలి. బాలింతరాలిని, కొంగు పట్టుకుని ఏడు గుమ్మాలు ఎక్కాను. ఆరు ఇళ్ళలో పోశారు. ఏడో ఇల్లు మన చుట్టాలదే, బాగా ఉన్నవాళ్ళు. నన్ను చూసి తలుపేసుకున్నారు. అరుగు మీద నిలబడి ఏడ్చాను. ఎనిమిదో ఇంటికి వెళ్ళి ఏడు పూర్తి చేశాను. తవ్వెడు నూకలకి నీ మొగుణ్ణి కొన్నాను. శ్యామసుందర్ అని బళ్ళో వేసేటప్పుడు పెట్టారు. అంతకుముందు వాడు నూకరాజు.

ఆ మూసిన తలుపు ఇరవై తొమ్మిదేళ్ళయినా నాకు కళ్ళ ముందే ఉంది. బంగార్రాజు వచ్చి వాసు గుమ్మం గుమ్మం ముందూ నిలబడ్డాడు అనగానే నాకు ఆ తలుపే కనబడింది. నా మనవడి మొహం మీద కూడా ఎవరైనా తలుపేశారేమోనని గుండె మండిపోయింది. ఆ మంటంతా ఆమె మీద పోశాను. ఒక్కరు కూడా తలుపు వెయ్యని పండగ ఒకటి ఉంటుందని నాకేం తెలుసు?

తులసమ్మకి నేను జీతం ఇవ్వలేదు. "మన ఇంటి మనిషిలాంటిదే" అని ఒక పాత చీర ఇచ్చాను. అది నవ్వుతూనే తీసుకుంది. మూడు రోజుల పాలకి పాత చీర. అది పోయి పదేళ్ళయింది, ఇప్పుడు ఇద్దామన్నా పుచ్చుకునేవాళ్ళు లేరు. జీతం అడిగి పుచ్చుకునే మనిషిని చూసి నేను మహారాణి అన్నాను. అడగాల్సిందే. అడక్కపోతే మాలాంటివాళ్ళు పాత చీరలే ఇస్తారు.

సంచీలో బియ్యం నాలుగో తేదీన వండాను. మంచి బియ్యం, ఉడికేటప్పుడు ఇల్లంతా వాసన వచ్చింది. మీ మావయ్యకీ, బంగార్రాజుకీ పెట్టి నేనూ తిన్నాను. మనవడి మొదటి సంపాదన.

బంగార్రాజు రేపు బయల్దేరుతున్నాడు. వాడి చేత బిసాహిన్‌కి చీర పంపుతున్నాను. కొత్తది, బొబ్బిలి కొట్లో కొన్నది, మడత విప్పలేదు. ఇది జీతంలో కలపొద్దు. ఇక నీకూ నూకరాజుకీ మొహం చెల్లడం లేదన్నావే, ఆ మాట ఇంకోసారి అనొద్దు. ఇద్దరూ ఆమె గుమ్మం ముందుకెళ్ళి నిలబడి అడగండి. అడగడం మన ఇంటికి కొత్త కాదు. ఆమె తలుపేసుకుంటే ఇంకోరోజు మళ్ళీ వెళ్ళండి.

ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. ఒట్టు తీసేశాను.

గౌరీదేవి


భిలాయి,
12-2-1962

అత్తకి,

నమస్కారాలు. ఇవాళ బడి మధ్యాహ్నం విరామంలో కూర్చుని రాస్తున్నాను. అంటే సంగతి నీకు సగం తెలిసిపోయినట్టే.

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. చివరిదాకా విని, లేచి వెళ్ళి పెరట్లో సైకిలు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు. తర్వాత వచ్చి, "ఎనిమిదో ఇల్లు ఎవరిదో అమ్మని అడిగి రాయి" అన్నాడు. రాయి అత్తా.

నిన్న ఆదివారం ముగ్గురం వెళ్ళాం. దారిలో నేనేం చెప్పాలో హిందీలో రెండుసార్లు వల్లె వేసుకున్నాను. బావ కూడా ఏదో గొణుక్కుంటున్నాడు. వాసు మాత్రం నీలం జోలె తనే వెతుక్కుని మెడలో వేసుకున్నాడు. వద్దంటే వినలేదు. బిసాహిన్ తలుపు తెరిచి మమ్మల్ని చూసి గడపలోనే నిలబడిపోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నాకు వల్లె వేసుకున్నదంతా పోయింది.  అప్పుడు వాసు రెండడుగులు ముందుకేసి జోలె చాపి, ఊరంతా వినేలా "ఛేర్‌ఛేరా!" అని కేక పెట్టాడు.

పండగ అయిపోయి ఇరవై రెండు రోజులయింది. పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చి నవ్వారు. ఆమె నవ్వకూడదని చాలా ప్రయత్నం చేసింది. "పండగ అయిపోయింది కదరా" అంది. వాడు జోలె దించలేదు. లోపలికెళ్ళి గుప్పెడు ధాన్యం తెచ్చి పోసింది. పోస్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బావ ఆకాశం వైపు చూశాడు. తర్వాత తప్పు నాదే అని తనే అన్నాడు, తెలుగులో అన్నాడు, అయినా ఆమెకి అర్థమైంది.

జనవరి జీతం అక్కడే కొంగులో వాసు చేత వేయించాం. చీర ఇచ్చి, నీ కథ కూడా చెప్పాను, చాట, తులసమ్మ, ఏడిళ్ళు, నూకలు. చెబుతుంటే ఆమె చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. "మరి నా పేరేమనుకున్నారు?" అంది. బిసాహిన్ అంటే కొనుక్కున్నది అని అత్తా! ఆమెకి ముందు నలుగురు పోయారట. వాళ్ళమ్మ ఆమెని పొరుగామెకి ఇచ్చేసి, రెండు పైలీల అరికెలు పోసి కొనుక్కుందట. నీ కొడుకు వైపు చూసి, "ఇతనూ నాలాగే కొనుక్కొచ్చినవాడేనా" అని, అప్పటినుంచి అయ్యగారు అనడం మానేసి భయ్యా అంటోంది. చీర మడత విప్పలేదు. ముందు నీకు దణ్ణం పెట్టి రాయమంది.

ఇవాళ పొద్దున ఏడింటికే వచ్చింది. గిన్నెలు మాత్రం ఇప్పటికీ తోమదట.

బావ రాత్రి కూర్చుని కొలతలు సరిచూశాడు. ఒక పైలీ మన తవ్వ కన్నా పెద్దదే. అలాంటివి రెండు. ఎటు చూసినా నీ కొడుకు కన్నా మా బిసాహిన్ ఖరీదైన మనిషి. అందుకని ఈ నెల నుంచి జీతం పద్దెనిమిది చేశాం.

గంట కొట్టారు. నేను క్లాసుకి వెళ్ళాలి.

నీ
కనకలత